జ్వరాల కొండలు, మందు దారి

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ కొండల్లో పిల్లకు జ్వరం వస్తే ఏం జ్వరమని ఎవరూ అడిగేవారు కాదు. జ్వరమంటే చలిజ్వరమే. నేను ఈ జిల్లాల్లో ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన వాణ్ణి. మాది శ్రీకాకుళం వైపు నుంచి రెండు తరాల కిందట రాయగడ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. నా ఉద్యోగమంతా మలేరియా స్లైడ్లతోనే గడిచింది. వేలికొస పొడిచి, గాజుపలక మీద ఒక మందపు చుక్క, ఒక పల్చటి పూత తీసి, జె.ఎస్.బి. రంగులో ముంచి ఆరబెట్టి, నూనెచుక్క వేసి, నూరు ఫీల్డులు చూడాలి. ఎర్రకణాల్లో సన్నటి ఉంగరాలు కనిపిస్తే ఫాల్సిపారం. వానాకాలంలో పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేవేళకి గాని తల ఎత్తేవాణ్ణి కాను.

ఈ సీమ చరిత్రను చాలావరకు ఆ ఉంగరాలే రాశాయి. జయపురం సంస్థానంలో తెల్లదొరల కచేరీ మొదట జయపురంలోనే ఉండేది. అక్కడి జ్వరాలకు తాళలేక 1870లో కోరాపుట్ గుట్టల మీదికి మార్చుకున్నారు. ఈనాటి కోరాపుట్ పట్టణానికి పునాది అదే. ఆ తర్వాత కొండల గుండా రైలుమార్గాలు వేసినప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే ఒక మలేరియా శాస్త్రవేత్తను కొలువులో పెట్టుకోవలసి వచ్చింది. ఆయన పేరు సీనియర్ వైట్. జయపురం కొండల్లో ఏ దోమ జ్వరాన్ని మోస్తున్నదో ఆయన 1930ల్లో పరిశీలించి రాశాడు. మైదానాల నుంచి బదిలీ మీద వచ్చిన గుమస్తాలు సెలవు పెట్టి వెళ్ళి తిరిగి రాకపోవడం మా నాన్న కాలంలో కూడా మామూలే.

జ్వరం ఇంత రాజ్యమేలిన చోట ఇంకో జబ్బు దాని చాటున దాక్కోవడం చాలా సులువు. పదే పదే మలేరియా వచ్చిన పిల్ల ఎలా ఉంటుంది? ఒళ్ళు పాలిపోయి, కళ్ళకింద తెల్లబడి, ఎడమ డొక్కలో ప్లీహం పెరిగి పొట్ట గట్టిగా తగులుతుంది. మా వైపు దాన్ని కడుపులో బల్ల అంటారు. బల్ల కరగాలని ఇనుపకడ్డీ కాల్చి పొట్టమీద వాతలు పెట్టడం కొండల్లోనూ మైదానంలోనూ ఉన్న పాత అలవాటు. ఊళ్ళో దిసారి చుక్కలు లెక్కగట్టి కారణం చెబుతాడు, బెజ్జుణి పూని దేవతను అడుగుతుంది, కోడిని కోస్తారు. ఆ వాతలున్న పసిపొట్టల్ని నేను లెక్కలేనన్ని చూశాను. వాళ్ళలో ఎందరికి మలేరియా, ఎందరికి సికిల్ సెల్ అనే రక్తజబ్బు, ఎందరికి రక్తపు కేన్సర్ ఉండేదో ఇప్పుడు చెప్పగలవాళ్ళు లేరు. కేన్సర్‌లోనూ ఇవే వస్తాయి: జ్వరం, పాలిపోవడం, పొట్టలో బల్ల.

యూరప్‌లో కూడా ఈ జబ్బు మొదట బల్ల రూపంలోనే డాక్టర్ల కంటబడింది. 1845లో ఎడింబరోలో బెన్నెట్ అనే డాక్టరు దగ్గరికి ఇళ్ళకప్పులకు పలకరాళ్ళు పరిచే పనివాడొకడు ఉబ్బిన ప్లీహంతో వచ్చాడు. ఆ మనిషి పోయాక రక్తం చూస్తే చీములా తెల్లకణాలు. అదే ఏడాది బెర్లిన్‌లో విర్కో అలాంటి రోగినే చూశాడు. రెండేళ్ళ తర్వాత దానికి లుకేమియా అని పేరు పెట్టింది ఆయనే. పేరైతే వచ్చింది గాని, నూరేళ్ళ దాకా మందు మాత్రం రాలేదు.

మా మనవరాలికి నాలుగో ఏట జ్వరం పట్టుకుంది. రెండు వారాలు దాటినా వదల్లేదు. మలేరియా పరీక్షలో ఏమీ లేదు. అప్పటికే ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన దమన్ కార్యక్రమం వల్ల మా దగ్గర మలేరియా బాగా తగ్గింది కూడా. ఒక ప్రైవేటు క్లినిక్‌లో బలానికి టానిక్ రాసి పంపారు. పాప కాళ్ళు నొప్పులని నడవడం మానేసింది, ఎత్తుకోమనేది. మోకాళ్ళ కింద దెబ్బ తగలకుండానే నల్లటి కమిలిన మచ్చలు. ఆ మచ్చలు చూశాక నేనే నెత్తురు తీయించి, నా పాత మైక్రోస్కోపు దగ్గర ఇప్పుడు కూర్చుంటున్న అమ్మాయిని స్లైడు చూపించమన్నాను.

ఎర్రకణాలు పల్చగా ఉన్నాయి. ప్లేట్‌లెట్లు వెతికితే గాని దొరకడం లేదు. వాటి మధ్య పెద్ద పెద్ద తెల్లకణాలు, కణమంతా ఊదారంగు కేంద్రకమే, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే తీరు. పక్కన నిలబడ్డ అమ్మాయి కూడా గుర్తుపట్టింది, నోరు మెదపలేదు. ఇంటికొచ్చి మా అబ్బాయితో జబ్బు పేరు చెప్పలేదు. "రేపు పొద్దున బండికి విశాఖ తీసుకెళ్ళాలిరా" అన్నాను. మా కోడలు వంటింట్లోంచి వచ్చి, "ఇక్కడ చూడరా మావయ్యా?" అనడిగింది. చూడరన్నాను. ఆమెకు అప్పుడే అర్థమైంది.

విశాఖ తీసుకెళ్ళాలి అన్న మాట మా కొండల్లో నూరేళ్ళ పాతది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ సీమంతా విశాఖపట్నం జిల్లాలో ఏజెన్సీయే. పన్ను అక్కడికే, దావా అక్కడికే, రోగి అక్కడికే. పాత దారి సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి మీదుగా కోరాపుట్ చేరేది. ఉప్పు పైకి వెళ్ళిన ఆ దారిలోనే రోగులు డోలీల్లో కిందికి దిగేవారు. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్ మిషనరీలు వచ్చి సాలూరు, కోరాపుట్ వైపు మకాం పెట్టారు. సాలూరులో కుష్ఠురోగులకు ఆశ్రయం ఏర్పడింది వాళ్ళ వల్లే. 1923 జులైలో విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి తెరిచారు. వైద్య కళాశాల కూడా ఆ సంవత్సరమే మొదలైంది. 1931లో విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలు పూర్తయింది, ఆ దారిలో రాయగడ ఒక స్టేషను. డోలీలో రోజుల తరబడి పట్టే ప్రయాణం ఒక్క పూటకు కుదించుకుపోయింది. కోరాపుట్ వాళ్ళకు ఆ సుఖం 1960ల్లో గాని రాలేదు. బైలాదిలా ఇనుపరాయిని ఓడలకు చేర్చడానికి కిరండూల్ నుంచి కొత్తవలస దాకా సొరంగాలు తవ్వి లైను వేస్తే, ఆ ఖనిజం వెనకాల రోగులకూ బండి దొరికింది.

సరిహద్దు గీశాక కచేరీలు కటక్‌కు మారాయి. రోగులు మారలేదు. మాకు భువనేశ్వర్, కటక్ విశాఖకు దాదాపు రెట్టింపు దూరం. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటేటా లక్ష రూపాయలు ఇచ్చాడు. అక్కడి సైన్సు కళాశాల ఆయన పేరు మీదే ఉంది. కొండల డబ్బు విశాఖలో చదువైంది, ఆ చదువు దగ్గరికి కొండల రోగి వెళ్ళడంలో పరాయితనం ఎందుకుంటుంది? ఇటువైపు వైద్యం అసలే రాలేదని కాదు. 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ బిసంకటక్‌లో క్రిస్టియన్ ఆసుపత్రి పెట్టింది. చుట్టుపక్కల కొండల్లో ఎన్ని కుటుంబాలు దాని వల్ల నిలబడ్డాయో నాకు తెలుసు. కోరాపుట్‌లో 2017లో షహీద్ లక్ష్మణ నాయక్ పేరున మెడికల్ కాలేజీ వచ్చింది. పసిపిల్లల రక్తపు కేన్సర్‌కు పూర్తి వైద్యం మాత్రం ఇప్పటికీ కొండ దిగితేనే.

ఇక మందు సంగతి. ఇది తెలుగువాళ్ళు పిల్లలకు చెప్పుకోవలసిన కథ అని నా నమ్మకం.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆగని విరేచనాలతో రక్తం చచ్చిపోయే జబ్బు అది. ఆయనకూ అదే వచ్చింది, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. రాకుండా ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. 1923లో బోస్టన్ చేరాడు, మళ్ళీ రాలేదు. తాను ఒక్కసారైనా చూడని కొడుకు పసితనంలోనే ఇక్కడ పోయాడు. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళాక, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వచ్చే రక్తహీనతను 1930 ప్రాంతాల్లో పరిశీలించిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, ఈస్టు సారంలో ఏదో రక్తం పుట్టించేది ఉందని కనిపెట్టింది. ఆ ఏదో ఈ ఫోలిక్ ఆమ్లమే. స్ప్రూకు కూడా ఇది మందైంది. అన్నదమ్ముల్ని తినేసిన జబ్బుకు మందు చేశాడాయన.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పెథాలజిస్టు రక్తపు కేన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా ఎగదోసింది. అలాగైతే దానికి ఎదురు మందు ఇస్తే తగ్గాలి కదా అని ఆలోచించాడు. అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపించి కణాన్ని మోసగించే పదార్థాలు సుబ్బారావు బృందం చేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్‌ను 1947 డిసెంబరులో రెండేళ్ళు దాటిన ఒక బాబుకిచ్చారు. బాబు లేచి ఆడుకున్నాడు. పదహారుమంది పిల్లలకు ఇస్తే పదిమందికి గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయాడు, యాభై మూడేళ్ళకు.

ఆయన పేరు నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే విన్నాను. బోదకాలు సర్వేకు రాత్రిపూట ఊళ్ళలో నెత్తురు తీసి, పురుగు కనిపించిన వాళ్ళకు ఇచ్చే డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన పరిశోధనశాలలోంచి వచ్చిందే. ఆయన బృందం చేసిన ఇంకో మందు మెథోట్రెక్సేట్. ఆ చిన్న పసుపుపచ్చ మాత్రను మా పాప వారానికోసారి మింగింది, అదే మందును వెన్నులోకి ఇంజెక్షనుగా కూడా ఎక్కించారు. మాత్ర మా కోడలు చేతిలో చూసిన ప్రతిసారీ నాకు భీమవరం గుర్తుకొచ్చేది.

ఇంకో మందు మా పెరట్లోదే. బిళ్ళగన్నేరు, తెల్లపూలూ గులాబీపూలూ పూసేది, రాయగడలో ప్రతి గుమ్మం ముందూ ఉంటుంది. పుట్టిల్లు మడగాస్కర్. షుగరు తగ్గిస్తుందని ఆ ఆకు వాడతారని విని కెనడాలోనూ అమెరికాలోనూ పరిశోధిస్తే, షుగరు సంగతి తేలలేదు గాని తెల్లకణాలు పడిపోవడం కనిపించింది. అలా 1960ల్లో విన్‌క్రిస్టిన్ వచ్చింది. టన్నులకొద్దీ ఆకు నుంచి గ్రాములు మాత్రమే తీస్తారు. ఈ సంగతి తెలిసి మా వీధివాళ్ళు ఆకురసం పడతామన్నారు. దయచేసి అలాంటి పని చేయకండి, పచ్చి ఆకు విషం.

ఫార్బర్ కథలో అందరూ వదిలేసే ముక్క ఒకటుంది, నాకు అదే ముఖ్యం. గుణం కనిపించిన ఆ పిల్లలకు కొన్ని నెలల్లో జబ్బు తిరగబెట్టింది. లేచి తిరిగారు, ఆడుకున్నారు, చనిపోయారు. తర్వాతి ఇరవయ్యేళ్ళు డాక్టర్లు నేర్చుకున్నదంతా ఈ తిరగబెట్టడం మీదే. ఒక మందు చాలదు, నాలుగైదు కలపాలి. మెదడులోనూ వెన్నులోనూ దాక్కున్న కణాల్ని వేరేగా చంపాలి. పిల్ల బాగయ్యాక కూడా రెండు మూడేళ్ళు ఆపకుండా ఇస్తూనే ఉండాలి. మెంఫిస్‌లో 1962లో మొదలైన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ అలా చేసి, ఆ దశకం ముగిసేసరికి సగం మందిని నిలబెట్టాడు. మన దేశంలో 1980ల నడుమ టాటా మెమోరియల్, అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి ఎం.సి.పి. 841 అనే ఒకే పద్ధతి పాటించడం మొదలుపెట్టాయి. అంతకుముందు నూటికి ఇరవైమంది దాకా బతికేవారు. ఆ పద్ధతితో నలభై ఐదు నుంచి అరవై మంది దాకా జబ్బు తిరగబెట్టకుండా నిలిచారు. ఇప్పుడు మంచి కేంద్రాల్లో అంతకన్నా మెరుగు.

విశాఖలో గాజువాక దాటాక అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. మా పాప వైద్యం అక్కడే. కోడలు ఆసుపత్రికి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకుంది. అబ్బాయి డ్యూటీకీ రైలుకీ మధ్య నలిగాడు. పెద్ద మనవడు రాయగడలో మా ఆవిడ దగ్గర ఉండి, చెల్లిని ఎందుకు పంపించేశారని అలిగి అన్నం మానేసేవాడు. ఇంట్లో ఒక పిల్లకు ఈ జబ్బొస్తే రెండో పిల్లకు అమ్మ దూరమవుతుంది. ఆ సంగతి ఏ డాక్టరూ చీటీ మీద రాయడు, ఇంటివాళ్ళే గుర్తుపెట్టుకోవాలి.

కోడలు ఇంటర్ దాకా చదివింది. ఒక నోటుపుస్తకంలో పూటపూటకీ జ్వరం, రక్తకణాల కౌంట్లు, మాత్రలు రాసుకునేది. జ్వరం నూటొకటి దగ్గరికి వస్తోందంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికే, ఇంట్లో పారాసిటమాల్ వేసి ఆగకూడదు. ఆ నియమం ఒక్కటే రెండుసార్లు పాప ప్రాణం కాపాడింది. కాచిన నీళ్ళు, ఇంట్లో వండిందే తిండి, పండైతే తొక్క తీసేదే. పాప తన బొమ్మను బోర్లా పడుకోబెట్టి, వీపులో పుల్లతో సూది పొడిచి, "కదలకమ్మా, అయిపోయింది" అనేది. ప్లేట్‌లెట్లు కావాలంటే రాయగడ నుంచి మా వీధి కుర్రాళ్ళు, తెలుగు ఒడియా తేడా లేకుండా, రాత్రి బండెక్కి వచ్చేవారు. పాప తలనీలాలు సింహాద్రి అప్పన్నకని మా ఆవిడ మొక్కుకుంది. మందు ధాటికి జుట్టు దిండు మీదే రాలిపోయింది. కోడలు ఆ వెంట్రుకలు ఏరి గుడ్డలో మూటకట్టి, "అప్పన్నకి ఇవే ఇస్తానత్తా" అంది. వైద్యం పూర్తయ్యాక అలాగే ఇచ్చింది. రాయగడ మజ్జిగౌరమ్మకూ మొక్కు చెల్లించాం. దేవుడికి మొక్కితే డాక్టరుకు అవమానం కాదు. మందు మానేసి మొక్కడమే తప్పు.

వార్డులో కళ్యాణసింగపూర్ వైపు కొండల నుంచి వచ్చిన ఒక కొంధు దంపతులుండేవారు. వాళ్ళది కువి మాట. నాకు వచ్చిన కాస్త కువి, కాస్త దేశియాతో డాక్టరమ్మ మాట వాళ్ళకు, వాళ్ళ మాట డాక్టరమ్మకు చెప్పేవాణ్ణి. మొదటి నెల గడిచేసరికి వాళ్ళ బాబు లేచి కారిడారులో పరుగెత్తాడు. డాక్టరమ్మ జబ్బు అణిగిందని చెప్పింది. అంతలో ఊళ్ళో సోళ్ళు కోతకొచ్చాయి, ఇంటి దగ్గర ఇంకా ఇద్దరు పిల్లలు, పశువు ఒకటి అప్పటికే అమ్మేశారు. "బాగయ్యాడు కదా బాబూ, ఇంకేం మందు?" అన్నాడు తండ్రి. ఆ మాటకు నేను 1948 నాటి పిల్లల కథ చెప్పాను, నాకు చేతనైన భాషలో. విన్నాడు, తల ఊపాడు. మర్నాడు వాళ్ళ మంచం ఖాళీగా ఉంది. ఆసుపత్రివాళ్ళు ఊరికి మనిషిని పంపి కబురు చేశారు. ఆ దంపతులు బాబుతో తిరిగి వచ్చేసరికి జబ్బు తిరగబెట్టింది.

ఆ తండ్రిని నేను తప్పుపట్టను. ఒడిశా ప్రభుత్వం 2018లో బిజూ స్వాస్థ్య కల్యాణ్ పథకం మొదలుపెట్టింది. 2025 నుంచి ఆయుష్మాన్ భారత్‌తో కలిపి గోపబంధు పేరున నడుస్తోంది. మందు ఖర్చు చాలావరకు అందులో పోతుంది. రైలు టిక్కెట్టు, గది అద్దె, పోయిన కూలి, కొయ్యక రాలిపోయిన సోళ్ళు ఏ కార్డూ ఇవ్వదు. నూరేళ్ళ కిందట మందే లేక పిల్లలు పోయారు. ఇవాళ మందుకూ ఇంటికీ మధ్య ఉన్న దూరం వల్ల పోతున్నారు. ఒడిశా జిల్లా ఆసుపత్రుల్లో కీమో ఇచ్చే డే కేర్ గదులు ఏర్పాటయ్యాయి, కేంద్ర ప్రభుత్వం కూడా 2025 బడ్జెట్‌లో ప్రతి జిల్లా ఆసుపత్రికీ అలాంటి కేంద్రం ఇస్తామంది. అవి పెద్దవాళ్ళకే పరిమితం కాకూడదు. కష్టమైన మొదటి నెలలు విశాఖలో గడిచాక, తర్వాతి రెండేళ్ళ మాత్రలూ రక్తపరీక్షలూ రాయగడలోనూ కోరాపుట్‌లోనూ అందేలా, విశాఖ డాక్టరు ఫోన్లో చూసుకునేలా చేయడం అసాధ్యమేమీ కాదు. రెండు ప్రభుత్వాలు ఒక్కచోట కూర్చుంటే చాలు.

మా పాప వైద్యం పూర్తయింది. ఇప్పుడు బడికి వెళ్తోంది, పరీక్షలకు ఏడాదికోసారి విశాఖ వెళ్ళొస్తోంది.

ఇది చదివేవారిలో ఈ కొండల వాళ్ళుంటే నాదొక్క విన్నపం. పిల్లకు రెండు వారాలు దాటి జ్వరముండి మలేరియా లేదన్నప్పుడు, ఒళ్ళు పాలిపోయినప్పుడు, దెబ్బ లేకుండా కమిలినప్పుడు, కాళ్ళనొప్పులని నడవనన్నప్పుడు, మెడలోనో చంకలోనో గడ్డలు తగిలినప్పుడు, టానిక్కుతో సరిపెట్టుకోకండి, వాతలు పెట్టకండి. పూర్తి రక్తపరీక్ష చేయించి, స్లైడు మనిషి కంటితో చూడమని అడగండి. వైద్యం మొదలయ్యాక పిల్ల పరుగెత్తుతున్నా సరే, డాక్టరు ఆపమనే దాకా ఆపకండి.